రికార్డు చేయని రికార్డర్‌కు కొత్త ఫీచర్ ఎందుకు?

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే నాకొచ్చే మెయిళ్లలో చాలావరకు ఒకే ప్రశ్న ఉంటుంది. ‘అన్నా, ఆఫర్ వచ్చింది. కానీ డెవలప్‌మెంట్ కాదట, సపోర్ట్ ప్రాజెక్టట. బగ్స్ సరిచేసే పని. అందులో పడితే కెరీర్ అయిపోయినట్టేనా?’ ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనిది కాదు. సీనియర్లు చెబుతారు, హాస్టల్లో చెప్పుకుంటారు, కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో కూడా అదే వినిపిస్తుంది. కొత్తది కట్టేవాడు ఇంజినీరు, పాతది బాగుచేసేవాడు మెకానిక్కు అన్న లెక్క మన బుర్రల్లో బాగా పాతుకుపోయింది.

ఈ లెక్క ఎంత తప్పో చెప్పడానికి పెద్ద పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఇంట్లో ఉండే ఒక చిన్న పెట్టె చాలు. దాని పేరు డీవీఆర్, అంటే డిజిటల్ వీడియో రికార్డర్. ఈ మాట వినగానే మీలో కొందరికి సీసీ కెమెరాల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె గుర్తొస్తుంది. మరికొందరికి టీవీ కార్యక్రమాలు దాచుకునే సెట్‌టాప్ బాక్సు గుర్తొస్తుంది. మన దేశంలో టాటా స్కై ప్లస్ పేరుతో 2008లో వచ్చింది ఆ రెండో రకమే. రెండూ చేసే పని ఒక్కటే. వీడియోను సరైన సమయానికి డిస్కు మీద రాయాలి, అడిగినప్పుడు తిరిగి చూపించాలి. అంతే.

అంత చిన్న పని చేసే పెట్టెలో బగ్ సరిచేయడం ముఖ్యమా, కొత్త ఫీచర్ పెట్టడం ముఖ్యమా అన్న గొడవ రెండు దశాబ్దాలకు పైగా నడుస్తూనే ఉంది. ఆ గొడవలో మీ మొదటి ఉద్యోగానికి పనికొచ్చే పాఠాలు చాలా ఉన్నాయి.

పని ఒక్కటే, చిక్కులు వంద

బయటి నుంచి చూస్తే డీవీఆర్ చాలా సింపుల్. రాత్రి 8 నుంచి 9 దాకా ఫలానా చానల్ రికార్డు చెయ్యమంటాం, చేస్తుంది. లోపల మాత్రం చాలా జరగాలి. సిగ్నల్ పట్టుకునే ట్యూనర్ ఆ టైముకి ఖాళీగా ఉండాలి. పెట్టెలోని గడియారం కరెక్టుగా ఉండాలి. చానల్ నుంచి వచ్చే ప్రోగ్రామ్ గైడ్‌లో వేళలు సరిగ్గా ఉండాలి. డిస్కులో జాగా ఉండాలి, లేకపోతే పాతవాటిలో ఏది తీసెయ్యాలో తేల్చుకోవాలి. పైగా ఇదంతా మనం ఇంట్లో లేనప్పుడో, నిద్రపోతున్నప్పుడో జరగాలి. ఫోన్‌లో యాప్ హ్యాంగ్ అయితే మూసేసి మళ్లీ తెరుస్తాం. రికార్డింగ్ తప్పిపోతే ఆ గంట మళ్లీ రాదు. డీవీఆర్‌లో బగ్‌కి విలువ అందుకే ఎక్కువ.

క్రికెట్ మ్యాచ్‌నే తీసుకోండి. గైడ్ ప్రకారం 11 గంటలకు అయిపోవాలి. ఆట సాగి సాగి సూపర్ ఓవర్‌కి వెళ్లింది. డీవీఆర్ మాత్రం 11 కాగానే రికార్డింగ్ ఆపేసింది. జనం తిట్టుకుంటారు కదా. అందుకే ‘చివర్లో మరికొన్ని నిమిషాలు అదనంగా రికార్డు చెయ్’ అనే ఫీచర్ పెట్టారు. మంచిదే. ఇప్పుడు రెండు ట్యూనర్లున్న పెట్టెను ఊహించుకోండి. 8 నుంచి 9 వరకు రెండు సీరియళ్లు, 9 నుంచి 10 వరకు ఇంకో సినిమా కార్యక్రమం. మామూలుగా అయితే ఇబ్బంది లేదు. కానీ రెండు సీరియళ్లకూ చివర్లో 5 నిమిషాలు అదనంగా పెట్టుకుంటే 9 గంటలకు రెండు ట్యూనర్లూ బిజీ. మూడో కార్యక్రమం ఏం కావాలి? మొత్తం వదిలెయ్యాలా? 9.05కి మొదలుపెట్టాలా? లేక సీరియల్ చివరి 5 నిమిషాలు కోసెయ్యాలా?

ఇక్కడ ఏ ఒక్కరు రాసిన కోడూ తప్పు కాదు. విడివిడిగా టెస్ట్ చేస్తే అన్నీ పాస్. రెండు ఫీచర్లు ఒకదానికొకటి తగిలినప్పుడే సమస్య. ఇది చిన్న లెక్క. 10 ఫీచర్లుంటే వాటిలో 45 జతలు. 20 ఉంటే 190 జతలు. ఫీచర్లు రెట్టింపు అయితే జతలు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. కొత్త ఫీచర్ పెట్టడానికి వారం చాలనుకున్న ప్రతిసారీ ఈ లెక్క మర్చిపోతుంటారు.

ఇంకో ఉదాహరణ. కంప్యూటర్‌ను రోజూ ఆపుతాం, డీవీఆర్‌ను నెలల తరబడి ఆపం. ఎంతసేపటి నుంచి నడుస్తోందో మిల్లీసెకండ్లలో లెక్కపెట్టుకునే కౌంటర్ 32 బిట్లదైతే, సుమారు 49 రోజుల 17 గంటలకు అది నిండిపోయి మళ్లీ సున్నా దగ్గరకు వస్తుంది. విండోస్ 95, 98లు ఆపకుండా నడిపితే 49.7 రోజులకు బిగుసుకుపోయే బగ్‌కు కారణం ఇదే. మీ టెస్టింగ్ టీమ్ వారం రోజులు పెట్టెను నడిపి ‘ఓకే’ అంటే ఈ బగ్ ఎప్పటికీ కనపడదు. యాభయ్యో రోజున కస్టమర్ ఇంట్లో కనపడుతుంది.

గడియారం లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే 2008 డిసెంబరు 31 గుర్తుచేసుకోవాలి. డీవీఆర్ కాకపోయినా, హార్డ్ డిస్కుతో నడిచే ఇంటి పరికరమే అయిన మైక్రోసాఫ్ట్ మ్యూజిక్ ప్లేయర్ జూన్‌లో 30 జీబీ మోడళ్లు ఆ రోజు బిగుసుకుపోయాయి. అది లీపు సంవత్సరం. గడియారం డ్రైవర్‌లో ఏడాదిని లెక్కించే ఒక వైల్ లూప్, 366వ రోజు వచ్చేసరికి బయటపడే దారి లేక తిరుగుతూనే ఉండిపోయింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు మళ్లీ ఆన్ చేసుకోమని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. మీరు ఫస్టియర్‌లో రాసే ప్రోగ్రామ్ అంత చిన్న లూప్ అది.

ఫీచర్‌కి చప్పట్లు, బగ్‌కి చీవాట్లు

మరి ఇంత ముఖ్యమైతే కంపెనీలు ముందు బగ్సే సరిచేయొచ్చు కదా? అక్కడే అసలు కథ. కొత్త ఫీచర్‌ను అట్ట పెట్టె మీద ప్రింట్ చేయొచ్చు. ప్రకటనలో చూపించొచ్చు. డెమోలో మేనేజర్ ముందు నొక్కి చూపిస్తే చప్పట్లు పడతాయి. ‘పోయినసారి కంటే తక్కువ రికార్డింగులు మిస్ అవుతాయి’ అని ఏ కంపెనీ అట్ట పెట్టె మీద వేసుకుంటుంది? అలా వేస్తే పోయినసారి మిస్ అయ్యేవని ఒప్పుకున్నట్టే. అందుకే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు తయారవుతుంది వ్యవహారం.

అమెరికాలో ఇది బాగా కనిపించిన సందర్భం ఒకటుంది. ఇళ్లలో వాడే డీవీఆర్‌ను జనానికి అలవాటు చేసిన కంపెనీల్లో టివో ఒకటి. 1999లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి మోడళ్లకు ఒకే ట్యూనర్. రాత్రిపూట ఫోన్ లైను ద్వారా ప్రోగ్రామ్ గైడ్ దింపుకునేది. డైరెక్‌టీవీ అనే ఉపగ్రహ టీవీ సంస్థ కొన్నేళ్లు టివో సాఫ్ట్‌వేర్‌తో నడిచే పెట్టెలనే తన కస్టమర్లకు ఇచ్చింది. 2006లో దాన్ని పక్కనపెట్టి, సొంత సాఫ్ట్‌వేర్‌తో హెచ్‌ఆర్20 అనే కొత్త హెచ్‌డీ డీవీఆర్ తెచ్చింది.

మొదటి నెలల్లో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రికార్డింగ్ మిస్ అవుతోందని కొందరు, రికార్డయినట్టు చూపించినా ప్లే చేస్తే ఏమీ రావడంలేదని కొందరు, పెట్టె బిగుసుకుపోతే రీసెట్ కొట్టాల్సి వస్తోందని ఇంకొందరు. అదే సమయంలో ఇంకో రకం ఒత్తిడి కూడా ఉంది. పెట్టె వెనకాల యాంటెన్నా సాకెట్ ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ మొదట్లో దాన్ని వాడుకోలేదు. పాత టివో పెట్టెలో రెండు చానళ్లను ఏకకాలంలో లైవ్‌లో ఆపుకుని అటూ ఇటూ మారే సౌకర్యం ఉండేది, కొత్తదాంట్లో అదీ లేదు. కస్టమర్లు రెండు వర్గాలయ్యారు. ‘ముందు రికార్డింగ్ సరిచెయ్యండి, మిగతావి తర్వాత’ అన్నది ఒక వర్గం. ‘డబ్బు కట్టాం, పాతదాంట్లో ఉన్నవన్నీ ఇవ్వండి’ అన్నది రెండో వర్గం.

మీరే ఆ టీమ్‌కి లీడ్ అయితే ఏం చేసేవారు? కాసేపు ఆగి ఆలోచించండి. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నే రావచ్చు.

కంపెనీ చేసింది ఇదీ. అప్‌డేట్లు తరచుగా ఇచ్చింది. ఇష్టపడ్డ కస్టమర్లతో, విడుదలకు ముందే కొత్త వెర్షన్లను వాళ్ల ఇళ్లలో పరీక్ష చేయించింది. యాంటెన్నా సాకెట్ తర్వాతి అప్‌డేట్‌తో పనిచేయడం మొదలుపెట్టింది. రెండు చానళ్ల సౌకర్యానికి మాత్రం జనం చాలా కాలం ఆగాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఈ వరుస సరైనదే. లేని ఫీచర్‌ను కస్టమర్ కోపంతోనైనా భరిస్తాడు. రికార్డింగ్ మీద నమ్మకం పోతే ఆ పెట్టెను కొనడంలో అర్థమే లేదు. బగ్ అంటే ఇచ్చిన మాట తప్పడం. కొత్త ఫీచర్ అంటే ఇంకో మాట ఇవ్వడం. మొదటి మాట నిలబెట్టుకోని వాడు రెండో మాట ఇస్తే ఎవరు నమ్ముతారు?

ఫీచర్‌కి కోడ్ ఖర్చే కాదు, వేరే ఖర్చులూ ఉంటాయి. టివోకి పోటీగా 1999లోనే వచ్చిన రీప్లేటీవీ, 2001లో తన 4000 సిరీస్‌లో రెండు ఆకర్షణలు పెట్టింది. ప్రకటనలను దానంతటదే దాటేయడం ఒకటి, రికార్డు చేసిన కార్యక్రమాన్ని ఇంటర్నెట్ ద్వారా ఇంకొకరి పెట్టెకు పంపడం రెండోది. టీవీ నెట్‌వర్క్‌లు కోర్టుకెళ్లాయి. అప్పటి యజమాని సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. దానికి కోర్టు ఖర్చులొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక భారమే. తర్వాత కొన్న సంస్థ ఆ రెండు ఫీచర్లనూ కొత్త మోడల్ నుంచి తీసేసింది.

పెట్టె మనింట్లో, నష్టం ఊరంతటికీ

టీవీ సీరియల్ మిస్ అయితే కొంప మునగదు కదా అనుకుంటున్నారా? ఇప్పుడు సీసీ కెమెరాల డీవీఆర్ వైపు రండి.

ఇక్కడ చిన్న గడియారం బగ్ కూడా పెద్ద సమస్యే. కరెంటు పోయి వచ్చినప్పుడు లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతుంది. వీడియో రికార్డవుతూనే ఉంటుంది, కానీ తప్పు తేదీతో. దొంగతనం జరిగాక ఆ రోజు ఫుటేజీ వెతికితే దొరకదు. పైగా డిస్కు ఎల్లకాలం దాచిపెట్టదు. నాలుగు కెమెరాలు ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్ చొప్పున రాస్తే సెకనుకు 1 ఎంబీ, రోజుకు సుమారు 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు పన్నెండు రోజుల్లో నిండి, పాత వీడియో మీద కొత్తది రాయడం మొదలవుతుంది. మీరు వెతుక్కుంటూ కూర్చుంటే సాక్ష్యం చెరిగిపోతుంది.

దీనికంటే పెద్దది 2016లో జరిగింది. ‘ఎక్కడినుంచైనా మీ ఇంటిని ఫోన్‌లో చూడండి’ అన్నది సీసీ కెమెరాలను అమ్మిపెట్టిన ఫీచర్. అందుకోసం డీవీఆర్‌లను, కెమెరాలను ఇంటర్నెట్‌కు కలిపారు. కలిపినవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చలేదు. కొన్ని రకాల పెట్టెల్లోనైతే యూజర్ మార్చాలనుకున్నా మారే వీలు లేదు. పాస్‌వర్డ్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే బిగించేశారు. స్క్రీన్ మీద కనిపించే పాస్‌వర్డ్ మార్చినా లోపల టెల్‌నెట్ తలుపు తెరిచే ఉండేది.

మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఆ తలుపు తట్టింది. అందులో గొప్ప హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జతలు ఓ అరవై దాకా పెట్టుకుని, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి పరికరం మీదా ఒక్కొక్కటీ ప్రయత్నించింది. లక్షల పరికరాలు దాని చేతికి చిక్కాయి. 2016 అక్టోబరు 21న అలాంటి పరికరాలతో డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి జరిగింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ వంటివి అమెరికాలో, యూరప్‌లో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. తమ హాల్లోని పెట్టె ఆ దాడిలో పాల్గొందని దాని యజమానుల్లో చాలామందికి తెలియను కూడా తెలియదు. ఎందుకంటే వాళ్ల వరకు పెట్టె బాగానే పనిచేస్తోంది. రీస్టార్ట్ చేస్తే మాల్‌వేర్ పోయేది, కానీ పాస్‌వర్డ్ అదే కాబట్టి కొన్ని నిమిషాల్లో మళ్లీ వచ్చేది.

ఫోన్‌లో చూసే ఫీచర్ తప్పంటారా? కాదు. దూరాన ఉన్న పిల్లలకు ఊళ్లో తల్లిదండ్రుల ఇల్లు కనిపించడం చిన్న విషయం కాదు. తప్పు ఏమిటంటే, ఆ ఫీచర్‌ను తలుపుకి గడియ పెట్టకుండా అమ్మడం. ఇప్పుడు చట్టాలు కూడా ఆ గడియ గురించే మాట్లాడుతున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలకు సులువుగా ఊహించగల డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు నిషేధం. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో కూడా ముందే చెప్పాలి. మన దేశంలోనూ సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. అంటే బగ్ సరిచేయడం అమ్మకం తర్వాత తీరిగ్గా చూసుకునే పని కాదు, అమ్మకానికి షరతు అవుతోంది.

సరిచేయడం కూడా ఊరికే రాదు

ఇంత చెప్పాక ‘అయితే ఫీచర్లన్నీ ఆపేసి బగ్సే చూసుకోవాలి’ అనుకుంటే అదీ పొరపాటే. రెండు కారణాలు.

మొదటిది, సరిచేయబోయి చెడగొట్టడం మామూలే. ఐబీఎంలో భారీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వచ్చిన ‘ది మిథికల్ మ్యాన్‌మంత్’ పుస్తకంలో దీనికి ఒక అంచనా ఇచ్చారు. ఒక లోపం సరిచేస్తే కొత్త లోపం పుట్టే అవకాశం 20 నుంచి 50 శాతం దాకా ఉంటుందట. అందుకే ప్రతి మార్పు తర్వాత పాత టెస్టులన్నీ మళ్లీ నడపాలి. రిగ్రెషన్ టెస్టింగ్ అని మీరు సిలబస్‌లో చదివింది ఇదే.

రెండోది, కంపెనీ బతకాలి కదా. ఒక్క బగ్ కూడా లేని పెట్టెను ఎవరూ కొనకపోతే దాన్ని సరిచేసే ఇంజినీర్లకు జీతాలు ఎవరిస్తారు? అసలు నడుస్తున్న టీవీ కార్యక్రమాన్ని మధ్యలో ఆపి, టీ తాగి వచ్చి అక్కడినుంచే చూడటం కూడా 1999లో కొత్త ఫీచరే. అది లేకపోతే డీవీఆర్‌ను అంతమంది కొనేవారే కాదు.

కాబట్టి నిర్ణయం ఎలా తీసుకోవాలి? నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఈ బగ్ వల్ల పెట్టె అసలు పని ఆగిపోతోందా, లేక చూడటానికి బాగోలేదా? రెండు, పోయింది తిరిగి వస్తుందా? మెనూ నెమ్మదిగా తెరుచుకుంటే మళ్లీ నొక్కొచ్చు, చెరిగిపోయిన ఫుటేజీని మాత్రం తేలేం. మూడు, నష్టం వాడుతున్నవాడి ఇంట్లోనే ఆగుతుందా, మిరాయ్‌లో లాగా బయటివాళ్లకీ పాకుతుందా? మూడింట్లో ఏ ఒక్కటి గట్టిగా తగిలినా ఆ బగ్ కొత్త ఫీచర్ కంటే ముందుండాలి. ఏదీ తగలకపోతే ఫీచర్‌కి దారివ్వొచ్చు.

మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థ కూడా ఈ మలుపు దగ్గర ఆగాల్సి వచ్చింది. 2002 జనవరిలో బిల్ గేట్స్ ఉద్యోగులందరికీ రాసిన లేఖ సారాంశం ఇదే. ఫీచర్ పెట్టడమా, భద్రతా లోపం సరిచేయడమా అన్న పరిస్థితి వస్తే భద్రతనే ఎంచుకోండి అని. ఆ తర్వాత విండోస్ మీద పనిచేస్తున్న వేలమంది కొత్త కోడ్ ఆపి, కొన్ని వారాల పాటు పాత కోడ్‌లో లోపాలు వెతికారు.

మరి మీ సంగతి?

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. సెట్‌టాప్ బాక్సుల, వీడియో పరికరాల సాఫ్ట్‌వేర్ పని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో చాలా కాలంగా జరుగుతోంది. అందులో చేరే ఫ్రెషర్‌కి మొదటి రోజే కొత్త ఫీచర్ చేతికివ్వడం అరుదు. ముందు ఒక బగ్ టికెట్ ఇస్తారు. మీరు చేరేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ అయినా, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ అయినా దాదాపు ఇంతే. ఆ టికెట్‌ను శిక్షలా చూస్తారా, ప్రాజెక్టు లోపలికి వెళ్లే తాళంచెవిలా చూస్తారా అన్నది మీ ఇష్టం.

ఒక్క రికార్డింగ్ ఎందుకు మిస్ అయిందో కనుక్కోవాలంటే ట్యూనర్ కోడ్ చదవాలి, గైడ్ డేటా అర్థం చేసుకోవాలి, లాగ్‌లు తిరగెయ్యాలి, డిస్కు మీద ఏం జరిగిందో చూడాలి. కొత్త స్క్రీన్ ఒకటి డిజైన్ చేసినవాడికి ఆ స్క్రీన్ మాత్రమే తెలుస్తుంది. బగ్ వెంట పడ్డవాడికి పెట్టె మొత్తం తెలుస్తుంది. పైగా ఇప్పుడు ఏఐ టూల్స్‌తో కొత్త కోడ్ రాయడం ఎవరికైనా సులువైపోయింది. పదేళ్ల క్రితం ఎవరో రాసిన కోడ్‌ను చదివి, అది ఎక్కడ తప్పుతోందో పట్టుకోగలిగే మనిషికే ఇకపై గిరాకీ అని నా గట్టి నమ్మకం.

అలాగని ప్రతి సపోర్ట్ ప్రాజెక్టూ మంచిదేనని చెప్పను. సపోర్ట్ అనే పేరు కింద రెండు వేర్వేరు పనులుంటాయి. కోడ్ తెరిచి లోపం సరిచేసేది ఒకటి. టికెట్ వస్తే ఇంకో టీమ్‌కి పంపించి, స్టేటస్ మార్చి కూర్చునేది ఇంకొకటి. రెండోదాంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతే మీ భయం నిజమే. అందుకే హెచ్‌ఆర్‌ను మొహమాటం లేకుండా అడగండి. ‘సోర్స్ కోడ్ యాక్సెస్ ఉంటుందా? ఫిక్స్ మేమే రాస్తామా? దానికి టెస్టులు మేమే రాస్తామా?’ ఈ మూడింటికీ అవునంటే నిశ్చింతగా చేరండి.

కాలేజీలో ఉండగానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

బగ్ రిపోర్ట్ రాయడం నేర్చుకోండి. ‘రికార్డింగ్ పనిచేయట్లేదు’ అన్నది రిపోర్ట్ కాదు. ‘రెండు రికార్డింగులకు 5 నిమిషాలు అదనంగా పెట్టి, 9 గంటలకు మూడోది పెడితే మూడోది మొదలవడం లేదు, ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ ఇదే జరిగింది’ అన్నది రిపోర్ట్. ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఈ మూడూ ఉండాలి.

ఇతరుల కోడ్ చదవండి. టీవీ రికార్డింగ్ కోసమే 2002లో మొదలైన మిథ్‌టీవీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టే. కోడీ, వీఎల్‌సీ కూడా అంతే. వాటి సోర్స్ కోడ్ ఉచితంగా చూడొచ్చు. చిన్న లోపం ఒకటి పట్టుకుని సరిచేసి పంపండి. అంగీకరిస్తే మంచిదే, తిప్పికొట్టినా ఎందుకు తిప్పికొట్టారో చదివితే పాఠమే.

గిట్‌లో బైసెక్ట్ వాడటం నేర్చుకోండి. వెయ్యి మార్పుల్లో బగ్ ఎక్కడ పుట్టిందో సగం సగం చేసుకుంటూ వెళ్తే సుమారు పది టెస్టుల్లో దొరుకుతుంది. డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన బైనరీ సెర్చ్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనపడలేదు.

మీ మేజర్ ప్రాజెక్టును కొంచెం సతాయించండి. నడుస్తుండగా ప్లగ్ పీకండి. డిస్కు నింపేయండి. తేదీని ఫిబ్రవరి 29కి మార్చండి. మన ఇళ్లలో పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ కట్టేస్తాం, రోజుకి రెండుసార్లు కరెంటు పోతుంది. మీ సాఫ్ట్‌వేర్ బతకాల్సింది అక్కడ, ల్యాబ్‌లో కాదు.

ఇంటర్వ్యూకి ఒక చిట్కా. సివియారిటీకీ ప్రయారిటీకీ తేడా ఏమిటని తరచుగా అడుగుతారు. నిర్వచనం అప్పజెప్పకండి, డీవీఆర్‌తో చెప్పండి. కంపెనీ పేరు స్క్రీన్ మీద తప్పుగా పడితే రికార్డింగ్‌కి ఏ నష్టం లేదు కాబట్టి సివియారిటీ తక్కువ. కానీ పరువు పోతుంది, రేపే మార్చాలి కాబట్టి ప్రయారిటీ ఎక్కువ. ఎవరూ నొక్కని ఆరు బటన్లు వరసగా నొక్కితే పెట్టె ఆగిపోతుందనుకోండి, సివియారిటీ ఎక్కువ, ప్రయారిటీ తక్కువ. ఇంత చెప్పాక ‘ఫీచర్ ముందా, బగ్ ముందా’ అని అడిగితే పైన చెప్పిన మూడు ప్రశ్నలూ మీ మాటల్లో చెప్పండి.

రెజ్యూమెలో కూడా ‘పది ఫీచర్లతో యాప్ చేశాను’ అనే లైన్ పక్కన ఇంకో లైన్ ఉండేలా చూసుకోండి. ఏ బగ్ దొరికింది, ఎలా పట్టుకున్నారు, మళ్లీ రాకుండా ఏ టెస్ట్ రాశారు. ఇంటర్వ్యూ చేసే మనిషి ఫీచర్ల పట్టికను చూసి తల ఊపుతాడు. ఈ రెండో లైన్ దగ్గర ఆగి, ‘దీని గురించి చెప్పు’ అంటాడు.

కాబట్టి సపోర్ట్ ప్రాజెక్టని ఆఫర్ లెటర్ చింపేయకండి. కోడ్ చేతికిస్తారో లేదో కనుక్కోండి. ఇస్తామంటే వెళ్లి చేరండి. ఎక్కడో ఒక ఇంట్లో, ఎవరూ చూడని సమయంలో, పెట్టె తన పని తాను చేసుకుపోతుందంటే దాని వెనుక బగ్స్ సరిచేసిన ఇంజినీరు ఒకరుంటారు. ఆ ఇంటివాళ్లకు వాళ్ల పేరు తెలియదు. కానీ టీమ్‌లో ఏదైనా తేడా వస్తే అందరూ ముందు వెళ్లేది ఆ మనిషి కుర్చీ దగ్గరికే.